వస్త్రశిల్పి మదలేన్ వియొనే

కూడు, గూడు, గుడ్డ అను మూడును మానవునకు అత్యావశ్యకములు. అందు అన్నము పెట్టిన చేతిని మనము స్మరింతుము. ఇల్లు కట్టిన మేస్త్రి పేరును ఊరివారు కొంతకాలమైనను చెప్పుకొందురు. కాని ఒంటిపై నున్న దుస్తులను కత్తిరించిన దెవరు, కుట్టిన దెవరు అని విచారించువారు అరుదు. దుస్తులు చక్కగా అమరినచో ధరించినవారిని మెచ్చుకొందుము. అమరకున్నచో దర్జీని నిందింతుము. సూదితో బ్రతుకు వెళ్ళదీయువారి కథలు గ్రంథముల కెక్కుట మిక్కిలి తక్కువ. అట్టివారిలో నుండి వచ్చి, వస్త్రము కత్తిరించు విద్యను శిల్పమునకు సాటిగా నిలిపి, ఆ విద్య నెరిగిన చేతులకు తగిన మన్నన కల్పించిన స్త్రీ యొకతె ఫ్రాన్సు దేశమున నుండెను. ఆమెయే మదలేన్ వియొనే.

వియొనే 1876వ సంవత్సరము జూన్ 22వ తేదీన జన్మించెను. పారిస్ నగరమునకు దక్షిణముగా నున్న లువారే మండలములోని షియర్-ఓ-బువా అను చిన్న గ్రామము ఆమె జన్మస్థలము. ఆమె పసితనముననే తల్లిదండ్రులు వేరైపోయిరి. తండ్రి బిడ్డను తన యొద్దనే ఉంచుకొని, పారిస్ శివారునందలి ఓబెర్‌వీలియే అను ఊర పెంచెను. అది శ్రామికులు నివసించు పేట. మదలేన్ బడిలో చురుకైన బాలిక. గణితమన్న ఆమెకు ప్రీతి మెండు. చదువు ముగించి ఉపాధ్యాయిని కావలెనని ఆమె కోరిక. కాని ఇంటి పరిస్థితి ఆ కోరికకు అనుకూలింపలేదు. పన్నెండేండ్లు నిండకమునుపే ఆమెను బడి మాన్పించి, ఆ ఊరనే గౌనులు కుట్టు నొక స్త్రీ యొద్ద పని నేర్చుకొనుటకు పెట్టిరి. పలక పట్టిన చేయి సూది పట్టెను.

ఆ కాలమున పని నేర్చుకొను బాలికల బ్రతుకు సుఖమైనది కాదు. తెల్లవారి మొదలిడిన పని దీపాలు పెట్టిన తరువాత గాని ముగిసెడిది కాదు. చేరబడుటకు వీపుపలక లేని ఎత్తుపీటలపై కూర్చుండి, తల వంచుకొని, గంటల తరబడి కుట్టవలసియుండెను. కండ్లు మండినను, నడుము నొచ్చినను ఆపుటకు వీలులేదు. మదలేన్ ఆ కష్టమును సహించి పని నేర్చెను. ఆ కష్టమును మరువను కూడ లేదు. ఆమె తరువాతి జీవితమును అర్థము చేసికొనుటకు ఈ సంగతి ముఖ్యము.

పదునెనిమిదేండ్ల ప్రాయమున ఆమెకు వివాహమయ్యెను. ఒక ఆడుబిడ్డ పుట్టి, శైశవముననే మరణించెను. కొలదికాలమునకే ఆ వివాహబంధమును తెగిపోయెను. ఇరువదేండ్లైనను సరిగా దాటని ఆ యువతి, మాతృత్వమును సంసారమును కోల్పోయి, ఉన్న ఊరు విడిచి ఇంగ్లండునకు పోయెను. అక్కడ ఆమెకు బంధువులు లేరు. ఆ దేశపు భాషయు రాదు. చేత నున్న విద్య యొక్కటియే ఆమెకు తోడు. మొదట ఒక ఆసుపత్రిలో దుప్పట్లు, వస్త్రములు కుట్టు పనిలో చేరెను. పిదప లండన్ నగరమున కేట్ రైలీ యను నామె నడుపుచుండిన దుస్తుల దుకాణములో ప్రవేశించెను. పారిస్ నగరపు కొత్త తీరులను చూచి ఆంగ్ల స్త్రీలకు తగిన దుస్తులు సిద్ధపరచుట ఆ దుకాణపు వ్యాపారము. ఒక దుస్తును ఎట్లు కత్తిరించిరో, ఎట్లు కూర్చిరో ఊహించి తెలిసికొను నేర్పు వియొనేకు అక్కడ అలవడెను.

1900వ సంవత్సరమున ఆమె పారిస్‌నకు తిరిగివచ్చి కాలో సోదరీమణుల సంస్థలో చేరెను. నలుగురు అక్కచెల్లెండ్రు కలిసి నడుపుచుండిన ఆ సంస్థ నాడు పేరెన్నిక గన్నది. వారిలో పెద్దదియగు మారీ జెర్బే కాగితముపై బొమ్మలు గీయక, గుడ్డను సరాసరి మనిషిపై వేసి, మడిచి, జార్చి, దుస్తునకు రూపు కల్పించెడిది. ఆ రూపమును చూచి తక్కువ వెలగల బట్టతో నమూనాలను సిద్ధపరచుట వియొనే పని. ఈ గురుశుశ్రూష ఆమెకు మిక్కిలి లాభించెను. తన విద్య కంతటికిని మెరుగు దిద్దినది ఆ గురువేయని ఆమె కడవరకు కృతజ్ఞతతో తలచుచుండెను.

నాటి యూరపు స్త్రీల దుస్తులను గూర్చి ఇచ్చట కొంత తెలిసికొనవలెను. వారు గౌనులోపల కార్సెట్ అను బిగుతైన కవచమును ధరించెడివారు. తిమింగిలము నోటనుండి తీసిన బద్దలు గాని, ఉక్కు బద్దలు గాని గుడ్డలో పొదిగి దానిని చేసెడివారు. వెనుక త్రాళ్ళు లాగి కట్టినచో నడుము పిడికిట నిమిడినట్లు సన్నగా కనబడెడిది. కాని ఊపిరి నిండుగా పీల్చుటకు గాని, సుఖముగా వంగుటకు గాని వీలుండెడిది కాదు. దుస్తు శరీరమునకు తగినట్లుండుటకు మారుగా, శరీరమే దుస్తునకు తగినట్లు నొక్కబడుచుండెను. అందముకొరకు ఈ బాధ తప్పదని స్త్రీలు కూడ నమ్మియుండిరి.

వియొనే ఆ నమ్మకమును అంగీకరింపలేదు. 1907 ప్రాంతమున ఆమె జాక్ దూసే అను ప్రసిద్ధ వస్త్రకారుని సంస్థకు మారెను. తన సంస్థకు కొత్తదనము తెమ్మని ఆయన ఆమెను కోరెను. ఆమె కార్సెట్ లేని గౌనులను సిద్ధపరచి, వానిని ధరించి చూపు యువతులను పాదరక్షలు లేకుండ నడిపించెను. ఇసడోరా డంకన్ అను నర్తకి వదులైన వస్త్రములతో, వట్టి పాదములతో నాట్యమాడి యూరపును ఆశ్చర్యపరచుచుండిన దినము లవి. ఐనను దూసే దుకాణమున అమ్మకము చేయు స్త్రీలకు ఈ కొత్త దుస్తులు రుచింపలేదు. ఇవి మర్యాదస్తులు కట్టునవి కావని తలచి, వారు వానిని కొనువారి కంటబడకుండ చేసిరి. పని చేతనైనను, తలచినది చేయుటకు స్వాతంత్ర్యము లేనిచో ఫలితము లేదని వియొనే గ్రహించెను. కూడబెట్టిన ధనమును, కొందరి సహాయమును చేర్చి, 1912లో పారిస్‌నందు రివొలీ వీథిలో సొంత దుకాణము తెరచెను. అప్పటి కామె వయస్సు ముప్పదియారు సంవత్సరములు.

దుకాణము నిలదొక్కుకొను సమయమునకు 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. ఆమె దుకాణము మూసివేసి కొంతకాలము రోమ్ నగరమున గడిపెను. ప్రాచీన గ్రీకు, రోమను శిల్పములలోని వస్త్రధారణ ఆమె మనస్సును ఆకర్షించెను. ఆ శిల్పములలోని స్త్రీలకు బిగుతు కవచములు లేవు. కుట్టని గుడ్డ భుజములనుండి జారి, అంగములను అనుసరించి, మడతలు మడతలుగా క్రిందికి దిగుచుండును. గుడ్డను నిర్బంధింపక దాని దారిని దానిని పోనిచ్చినచో ఎంత సొగసుగా నుండునో ఆ శిల్పము లామెకు బోధించెను. యుద్ధము ముగిసిన పిదప దుకాణము మరల తెరచి, ఆమె తన ప్రయోగములను విస్తృతముగా సాగించెను.

ఆ ప్రయోగములు తెలియుటకు బట్ట నేయు విధము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మగ్గముపై నిడివిగా సాగదీసి కట్టిన నూలు పడుగు. నాడె అటునిటు తిరుగుచు అడ్డముగా నేయు నూలు పేక. మీ చేతిరుమాలును తీసికొని పడుగు వెంట లాగుడు, అది సాగదు. పేక వెంట లాగుడు. అప్పుడును అంతగా సాగదు. ఎదురెదురు మూలలను పట్టుకొని ఐమూలగా లాగి చూడుడు. గుడ్డ సాగును; సాగినకొలది నడుమ సన్నగిల్లును; వదలినచో మరల దగ్గరకు వచ్చును. ఇందు దారములు సాగినవి కావు. పడుగు పేకల నడుమ నున్న చతురస్రపు గళ్ళు ఒరిగి సమచతుర్భుజములుగా మారుటయే ఇందలి రహస్యము.

సాధారణముగా దుస్తులను పడుగు నిలువుగా వచ్చునట్లు కత్తిరింతురు. ఐమూల కత్తిరింపు వియొనేకు పూర్వము లేకపోలేదు. మెడపట్టీలకు, అంచులకు, అలంకారములకు దానిని వాడెడివారు. మన ప్రాంతపు దర్జీలు రవికలకు వాడు క్రాసు కత్తిరింపును ఈ జాతిదే. కాని మెడనుండి పాదముల వరకు దుస్తు నంతటిని ఐమూలగా కత్తిరించి, దానినే ఒక సంపూర్ణ విద్యగా పెంపొందించిన కీర్తి వియొనేది. అట్లు కత్తిరించిన గౌను శరీరమును అనుసరించి జారును, నడచునపుడు సాగును, నిలిచినపుడు ఒదుగును. లోపల బద్దలతో గాని, కవచముతో గాని పనిలేదు.

ఈ పని చూచుటకు సుళువు, చేయుటకు కష్టము. ఐమూలగా కత్తిరించిన గుడ్డ తన బరువుచేతనే క్రిందికి సాగును. దానిని కొంతకాలము వ్రేలాడదీసి, సాగవలసినంత సాగిన పిదప అంచు సరిచేయవలెను. గుడ్డయు ఎక్కువ పట్టును. సాధారణపు వెడల్పు చాలనందున, వియొనే మిక్కిలి పనన గల క్రేప్ పట్టును ప్రత్యేకముగా నేయించెను. ఆమె కాగితముపై బొమ్మలు గీయలేదు. సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తుగల కొయ్యబొమ్మను పియానో వాయించువారు కూర్చుండు పీటపై నిలిపి, దానిపై చిన్న గుడ్డను వేసి, త్రిప్పి త్రిప్పి చూచుచు, గుండుసూదులు గ్రుచ్చుచు రూపు తెచ్చెడిది. ఆ రూపు తృప్తికరమైన తరువాతనే దానిని మనిషి ప్రమాణమునకు పెంచి కత్తిరించెడివారు.

చిన్ననాడు బడిలో నేర్చిన గణితము ఇక్కడ ఆమెకు అక్కరకు వచ్చెను. ఆమె దుస్తులను విప్పి పరచినచో అవి చతురస్రములుగను, వృత్తభాగములుగను, త్రిభుజములుగను కనబడును. మొదటి యుద్ధము ముగిసిన దినములలో ఆమె సిద్ధపరచిన ఒక గౌను నాలుగు చతురస్రపు ముక్కలతో ఏర్పడినది. ముందు రెండు, వెనుక రెండు ముక్కలను, మూలలు పైకిని క్రిందికిని వచ్చునట్లు కూర్చిరి. అందుచే పడుగు పేకలు రెండును శరీరమునకు ఐమూలగా నిలిచినవి. నాలుగు రుమాళ్ళవంటి ముక్కలనుండి అంత సొంపైన వస్త్రము వచ్చునని చూడనివారు నమ్మజాలరు. అలంకారములు మెండుగా కుప్పవేయుట ఆమె మార్గము కాదు; పూసపని చేయించినను అది గుడ్డ నడకకు అడ్డుపడకుండ జాగ్రత్తపడెడిది. ఋతువునకొక వేషముగా మారు వింతపోకడల కోలాహలమును ఆమెకు నచ్చెడిది కాదు.

1923లో ఆమె సంస్థ మొంతేన్ వీథిలోని ఒక విశాలమైన భవనమునకు మారెను. జనులు దానిని వస్త్రకళకు దేవాలయమని కొనియాడిరి. కొనువారు చూచు గదుల శోభ అట్లుండగా, ఆ భవనమున మరింత మెచ్చదగిన భాగము పనివారు కూర్చుండు చోటు. అక్కడ వెలుతురును గాలియు సమృద్ధిగా వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఎత్తుపీటలకు మారుగా వీపు ఆనించుకొనుటకు వీలైన కుర్చీలు వేయించిరి. పనివారికి భోజనశాల, వైద్యుడు, దంతవైద్యుడు, తల్లుల పసిబిడ్డలను చూచుకొనుటకు శిశుగృహము ఏర్పడెను. ప్రసవించిన స్త్రీలకు సెలవు లభించెను. వేతనముతో కూడిన సెలవులును ఇచ్చెడివారు. ఫ్రాన్సు దేశమున శ్రామికులందరికి వేతనముతో సెలవు నిచ్చు చట్టము 1936లో గాని రాలేదనిన, ఆమె ముందుచూపు మనకు అవగతమగును. ఆ సంస్థ ఉచ్చదశలో నున్నపుడు సుమారు 1200 మంది అందు పనిచేయుచుండిరి. పన్నెండేండ్లు నిండని బాలికగా ఎత్తుపీటపై నొచ్చిన నడుము యజమానురాలైన పిదపను ఆమెకు జ్ఞప్తియందున్నది.

మరియొక సమస్య ఆమెను చాలకాలము బాధించెను. నెలల తరబడి శ్రమించి రూపొందించిన దుస్తును పరులు ఒక్కసారి చూచిపోయి, అనుమతి లేకయే అట్టివానిని కుట్టి అమ్ముకొనుచుండిరి. గ్రంథము వ్రాసినవానికిని, చిత్రము గీసినవానికిని తన కృతిపై హక్కున్నపుడు, దుస్తు రూపొందించినవారి కేల యుండరాదని ఆమె వాదన. అందుకై న్యాయస్థానముల నాశ్రయించెను. ప్రతి దుస్తును మూడు అద్దముల ముందు నిలిపి, ముందు, ప్రక్క, వెనుక భాగములు ఒక్కసారిగా కనబడునట్లు ఛాయాచిత్రము తీయించి భద్రపరచెను. దుస్తులోపల కుట్టు పేరుపట్టీపై సంతకముతోబాటు తన బొటనవ్రేలి ముద్రను వేసెడిది. మన దేశమున వేలిముద్ర చదువురానివారి గుర్తని తలచుట వాడుక. చక్కగా సంతకము చేయనేర్చిన వియొనే, తన సంతకమును ఇతరులు అనుకరింపగలిగినను తన వ్రేలిని అనుకరింపలేరని ఆ ముద్రను కూడ చేర్చెను.

ఆమె జీవితమున విమర్శకు తావు లేకపోలేదు. ఆమె రూపొందించిన దుస్తుల వెల మిక్కిలి అధికము. సంపన్నులును, ప్రసిద్ధ నటీమణులును మాత్రమే వానిని కొనగలిగెడివారు. వానిని కుట్టిన బాలికలు తమకొరకు అట్టివానిని కొనుట కలలోని మాట. శ్రామికుల కష్టమెరిగిన ఆమెయు ఈ అంతరమును తొలగింపజాలకపోయెను. ఐనను తన చేతిలో నున్నంతవరకు వారి పనిదినమును సుఖవంతము చేసెను. చేయగలిగినదానిని చేయకుండుటకు చేయలేనిదానిని సాకుగా చూపకపోవుట ఆమె గుణము.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము క్రమముగా యూరపునకు వ్యాపించి, విలువైన వస్త్రముల వ్యాపారమును దెబ్బతీసెను. వియొనే సంస్థ దానికి తట్టుకొని నిలిచినను, 1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు నిలువలేకపోయెను. ఆ సంవత్సరమే ఆమె తన కడపటి దుస్తులను ప్రదర్శించి వృత్తినుండి విరమించెను. అప్పటి కామెకు అరువదిమూడేండ్లు. తరువాత ముప్పదియైదేండ్లకు పైగా జీవించినను మరల దుకాణము తెరువలేదు. దుకాణము మూతపడుటతో లోకము ఆమె పేరును కొంత మరచెను.

కాని ఆమె తన విద్య నశింపకుండ మార్గము చూచెను. 1952లో తన యొద్ద నున్న నూటికి పైగా దుస్తులను, సుమారు 750 నమూనాలను, 75 ఛాయాచిత్రముల సంపుటములను ఫ్రాన్సులోని ఒక వస్త్రకళాసంస్థకు ఉచితముగా నిచ్చెను. ఒకనాడు పరులు దొంగిలింపకుండ కాపాడిన రహస్యములనే, కాలము వచ్చినపుడు నేర్చుకొనగోరువారి కందరికి అప్పగించెను. ఆ సంపద పిదప పారిస్‌నందలి అలంకార కళల ప్రదర్శనశాలకు చేరెను. బెట్టీ కిర్క్ అను అమెరికా విదుషి వియొనే దుస్తులను పరిశీలించి, వాని కత్తిరింపులను పటములుగా గీసి ఒక గ్రంథమును రచించెను. 1998లో వెలువడిన దాని ఆంగ్ల ప్రతిని వస్త్రవిద్య అభ్యసించువారు శ్రద్ధగా చదువుదురు. 2009లో పారిస్‌నందు వియొనే కృతులతో గొప్ప ప్రదర్శనము జరిగెను.

మదలేన్ వియొనే 1975వ సంవత్సరము మార్చి 2వ తేదీన పారిస్ నగరమున పరమపదించెను. అప్పటి కామె తొంబదియెనిమిదేండ్ల వృద్ధురాలు. ఆమె ఉపాధ్యాయిని కావలెనని కోరి కాలేకపోయెను. ఐనను ఆమె విడిచిపోయిన నమూనాలనుండి నేటికిని ఎందరో పాఠములు నేర్చుకొనుచున్నారు. బాల్యమున అబ్బిన గణితమును విడువక, పొందిన దుఃఖమును చేసిన పనిలో మరచి, తాను పడిన కష్టము తన క్రింద పనిచేయువారు పడరాదని తలచుట ఆమె జీవితమునందలి సారము. ఇకమీద కొత్త చొక్కా గాని, కొత్త లంగా గాని తొడుగునపుడు లోపలి కుట్లను ఒక్కసారి త్రిప్పి చూడుడు. అవి ఎవరో ఒకరు తల వంచుకొని కూర్చుండి కుట్టినవే.